గడ్డి చామంతికి గండపెండేరం

మనిషికి పేరొస్తే పాడైపోతాడు. అదే మొక్కకు పేరొస్తే వీధి వీధంతా బాగుపడిపోతుంది! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా వీధిలో కళ్ళారా చూసి, చెవులారా విని, ఒకసారి పొరపాటున నోరారా తాగి మరీ అంటున్నాను.

ఫోనులో ఎవడో ఒక ఆకు చూపించగానే జనం ఎగబడి దాన్ని వేళ్ళతో సహా పీక్కుపోతున్నారనీ, ఇది మహా అనర్థమనీ కొందరు మేధావులు గొంతు చించుకుంటున్నారు. చించుకోనివ్వండి. చిరిగిన గొంతుకు కూడా అదే ఆకు పసరు పనిచేస్తుందని నిన్ననే ఒక వీడియో వచ్చింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దవాళ్ళు ఒక సామెత చెప్పి వెళ్ళిపోయారు. పాపం, వాళ్ళకు ఇంటర్నెట్ లేదు! ఇప్పుడు వైద్యానికి పనికొచ్చేది పెరటి చెట్టే. కాకపోతే అది పెరట్లో ఉన్నంతకాలం పనికిరాదు. ఫోనులో కనబడ్డాక పనికొస్తుంది.

గడ్డి చామంతి తెలుసు కదా మీకు? తెలియకపోవడం ఏమిటి, నిన్నటిదాకా దాని మీదే నడిచారు. గోడ వారన, కాలవ గట్టున, రోడ్డు పగుళ్ళలో నేలకు అంటుకుని పాకుతుంది. ఆకు గరుగ్గా, అంచులు రంపప్పళ్ళలా ఉంటాయి. పొడుగాటి కాడ మీద పసుపు బొత్తాంలాంటి చిన్న పువ్వు, దాని చుట్టూ నాలుగైదు తెల్ల రేకులు. పువ్వు ముదిరాక ఊదితే గింజలు దూదిలా ఎగిరిపోతాయి. చిన్నప్పుడు మనందరం ఊదినవాళ్ళమే. అప్పుడది కలుపు మొక్క. ఇప్పుడు దగ్గుకు సంజీవని!

దాని పేరు మార్మోగిన దగ్గర్నుంచీ మా వీధికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. మూలింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు నడుం పట్టేసి ఏళ్ళ తరబడి చెప్పుల్లో కాళ్ళు కూడా నిలబడే పెట్టుకునేవారు. ఆయనిప్పుడు తెల్లవారకముందే వీధిలో వంగి ఆకు ఏరుతున్నారు. దగ్గు తగ్గిందా లేదా అని అడగకండి. నడుం వంగిందా లేదా? ప్రహరీ గోడ తగాదాతో మాటలు మానేసిన రెండు ఇళ్ళవాళ్ళు, ఆ గోడ వారన మొలిచిన మొక్క నాదంటే నాదని ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు గానీ, మాటలైతే కలిశాయి!

సందు చివరి దర్జీ జాకెట్లు కుట్టడం మానేసి ఆకు ఏరుకునే సంచులు కుడుతున్నాడు. జిమ్ము కుర్రాడు తన బోర్డు మీద ‘వంగుట, లేచుట, ఏరుట’ అని కొత్త కోర్సు రాయించాడు. క్లినిక్కు డాక్టరుగారు కూడా ఏరుకుంటున్నారని వదంతి. హెల్మెట్ పెట్టుకుని వంగి ఆకు కోస్తున్న మనిషిని నేనూ చూశాను. మెడలో స్టెతస్కోపు తీయడం మాత్రం మర్చిపోయారు.

మా పత్రిక ఎడిటరుగారయితే సరేసరి. ఆయన బల్ల మీద ఒకప్పుడు టీ కప్పు ఉండేది. ఇప్పుడు ఆకుపచ్చటి గ్లాసు. ఒక గుటక వేసి, ముఖం అష్టవంకర్లు తిప్పి, “ఆహా, గొంతులో గీరుతోందంటే కఫాన్ని గీకుతోందన్నమాట” అంటారు. ఆ గ్లాసు దించకుండానే నన్ను పిలిచి, “ఈ వారం గడ్డి చామంతి మీద రాయండి. మీ మేనత్తగారి మందే కదా, మీకు తెలియనిదేముంది?” అన్నారు.

ఆయన కోరిక మీదనే ఈ వ్యాసం. అచ్చయ్యాక ఆయన నన్నేమంటారన్నది వచ్చే నెల జీతం రోజున తెలుస్తుంది.

అవును, ఈ మహాభాగ్యమంతా మా మేనత్త పుణ్యమే. ఆవిడ మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. దగ్గుకు మందిస్తుంది. వీధి గుమ్మం పక్కన ఒక బల్ల, బల్ల ముందు ఒక పీట. బల్ల మీద ఆవిడ, పీట మీద దగ్గు. ఇదే ఆవిడ ఆసుపత్రి.

మా తాతయ్య ఆయుర్వేద వైద్యుడు. ఆయన నలుగురు కొడుకుల్లో ఒక్కరికీ వైద్యం అబ్బలేదు. మా నాన్న కషాయం కాచబోయి వంటగది తగలబెట్టినంత పని చేశాడట. అందుకని ఉన్న ఒక్క కూతురికీ నేర్పాడు. వాతం, పిత్తం, కఫం అంటే ఏమిటో, ఏ కాలంలో ఏది రెచ్చిపోతుందో, ఏ మొక్కను పూతకు ముందు కోయాలో, ఏ వేరును నీడన ఆరబెట్టాలో ఆవిడకు కొట్టిన పిండి.

మందులో సగం ఆకు, సగం అనుపానం, మిగతా సగం పథ్యం అంటుంది ఆవిడ. అనుపానమంటే మందుతో కలిపి పుచ్చుకునేది. ఒకరికి తేనె, ఒకరికి మిరియాల పొడి, ఒకరికి ఉత్త వేడినీళ్ళు.

“మూడు సగాలేమిటత్తా?” అని ఒకసారి అడిగాను.

“లెక్క కుదిరితే అది మందెందుకవుతుందిరా అల్లుడూ, కిరాణా సరుకవుతుంది గానీ” అంది.

ఆవిడతో చిక్కేమిటంటే ప్రశ్నలు. మందు చేతిలో పడేలోగా మనిషిని పీటకు కట్టేసి ఉతికి ఆరేస్తుంది. దగ్గు పొద్దున్నా, సాయంత్రమా? పడుకుంటే ఎక్కువా, కూర్చుంటే ఎక్కువా? కఫం పడుతోందా? ఏ రంగు? ఆకలేస్తోందా? పనిచేసే చోట దుమ్మా, పొగా, ఏసీనా? దుప్పటి దులిపి ఎన్నాళ్ళయింది? ఇంట్లో ఎవరితోనైనా మాటల్లేవా? దగ్గుకూ మా బావమరిదికీ సంబంధమేమిటమ్మా అని ఒకాయన విసుక్కుంటే, “నువ్వు వాడి పేరెత్తినప్పుడల్లా దగ్గుతున్నావు నాయనా” అంది.

కొందరికి అసలు మందే ఇవ్వదు. కాసేపు దగ్గు విని, చేత్తో వీపు తట్టి చూసి, “ఇది నా ఆకుకు లొంగేది కాదు, ముందు వెళ్ళి ఎక్స్‌రే తీయించుకో” అని క్లినిక్కుకు తరిమేస్తుంది. డాక్టరుగారికి ఆవిడంటే అందుకే గౌరవం.

ఇక ఆవిడ ఆకు పేరు మాత్రం ఎవరికీ చెప్పదు. తనే కోస్తుంది, తనే నూరుతుంది, తనే పిండి చేతిలో పోస్తుంది. ఎందుకు చెప్పవత్తా అంటే ఒకటే మాట. “చెబితే పనిచేయదు.”

ఇలాంటి చాదస్తాన్ని ఈ కాలంలో సహించవచ్చునా? మీరే చెప్పండి!

నేను మాత్రం సహించాను. ఎందుకంటే మా ఆవిడకు ఏటా వానలు వెనకబట్టే రోజుల్లో ఒక దగ్గు పట్టుకుంటుంది. పట్టుకుందంటే నోట మాట రానివ్వదు. ఇది చాలామంది భర్తలకు దేవుడిచ్చిన వరంలా కనిపించవచ్చు. మొదటి ఏడాది నాకూ అలాగే కనిపించింది. రెండో రోజుకి ఇల్లు బోసిపోయింది. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్క ఊపిరీ అప్పు తెచ్చుకున్నట్టు తీసుకుంటున్న మనిషిని చూస్తూ ఎవరైనా ఎంతసేపు జోకులు వేసుకోగలరు? డాక్టరుగారి మందు వాడితే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. దానికి మా అత్త పసరు తోడైతే గానీ కుదురుకోలేదు. డాక్టరుగారే, “రెండూ వాడండి, ఏది పనిచేసిందని మాత్రం నన్నడక్కండి” అన్నారు. అప్పట్నుంచీ ఆ పేరు తెలియని ఆకు మా ఇంటికి దేవుడితో సమానం.

ఇప్పుడు లోకోద్ధారకుడి ప్రవేశం. ఆయన మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. లిఫ్టులమ్మే కంపెనీలో ఉద్యోగం. ఏం చేసినా ఫోను ముందు పెట్టుకుని లైవులో చేస్తాడు గనక వీధంతా ఆయన్ను ‘లైవు’ అనే పిలుస్తారు. ఒకసారి చెప్పు తెగితే దాన్ని కూడా లైవులో కుట్టించుకున్నాడు.

ఆయన మా అత్త దగ్గరికి వెళ్ళాడు. పీట మీద కూర్చోలేదు, నిలబడే అడిగాడు.

“అత్తయ్యగారూ, ఆ ఆకేదో చెబితే లోకానికి మేలు కదండీ?”

“లోకాన్ని వచ్చి ఈ పీట మీద కూర్చోమను నాయనా. ఒక్కొక్కరినీ అడిగి ఇస్తాను.”

“అందరూ రాలేరు కదండీ!”

“నేనూ అందరికీ ఇవ్వలేను కదా!”

ఇలాంటి మొండి మనిషిని ఏం చేయాలి? లోకహితం కోరేవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. మర్నాడు పొద్దున్నే పాత అచ్చాఫీసు వెనక, ఆవిడ ఆకు కోసుకునే ఖాళీ జాగాలో, గోడ చాటున నక్కి కూర్చున్నాడు. ఫోను గోడ మీదకు ఎత్తిపట్టాడు. ఆవిడ వచ్చింది. అటూ ఇటూ చూసింది. వంగింది. ఏదో కోసి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆయన గబగబా వెళ్ళి ఆ చోట మిగిలిన మొక్కకు ఫోను చూపిస్తే, ఫోను దాని పేరు చెప్పింది. గడ్డి చామంతి!

“మిత్రులారా, తరతరాల రహస్యం ఈరోజు బద్దలైంది!” అని లైవులో చేతులు చాచి ప్రకటించాడు. పొద్దుటి చెమ్మలో కూర్చోవడం వల్ల కాస్త దగ్గాడు కూడా. దాంతో వీడియో మరీ సహజంగా వచ్చింది.

అంతే! సాయంత్రానికి వీధిలో గడ్డి చామంతి లేదు. కొత్తగా మొలిచిందల్లా తెల్లవారేసరికి సంచుల్లోకి పోయేది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే జనం మనం. ఆకు దొరికిందంటే ఆగుతామా? దొరకనివాళ్ళు పక్క వీధికి వెళ్ళారు. పక్క వీధివాళ్ళు మా వీధికి వచ్చారు. మధ్యలో ఎదురుపడి ఒకరి సంచిలోకి ఒకరు తొంగిచూసుకున్నారు. వారం తిరక్కుండా దుకాణాల్లో పొడి వచ్చింది, మాత్ర వచ్చింది, సబ్బు వచ్చింది. దగ్గుకు సబ్బేమిటని అడిగితే, “బయట రుద్దితే లోపలికి దిగుతుంది సార్” అన్నాడు దుకాణదారు.

ఇక ఫలితాలు! వాటిని కాదనే ధైర్యం ఎవరికుంది? ఒకావిడకు దగ్గుతోపాటు అత్తగారి గొణుగుడు కూడా తగ్గిందట. ఒకాయనకు జుట్టు మొలిచిందట. అసలు దగ్గే లేని మా హెడ్మాస్టరుగారికి కూడా తగ్గింది. “రాబోయే దగ్గు తగ్గింది” అని ఆయన వివరణ.

ఈ శుభసమయంలో మా అత్త పీట ఖాళీ అయిపోయింది. జనం ఆవిడ గుమ్మం ముందునుంచే సంచులూపుకుంటూ వెళ్ళేవారు. “మీకు శ్రమెందుకమ్మా, మేమే కోసుకుంటున్నాంగా!” అని ఒక మంచిమాట కూడా విసిరేవారు. ఆవిడకు ఎంత విశ్రాంతి! పీట మీద పిల్లి పడుకునేది. ఆవిడ దాన్ని కూడా వదల్లేదు. “నీకెందుకే ఆకలి లేదు?” అని అడుగుతుంటే నేనే విన్నాను.

ఆ పక్కింట్లో ఒక ఎలక్ట్రీషియను ఉంటాడు. ఎప్పుడూ నిచ్చెన భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ పోయే మనిషి. అతనికి దగ్గు పట్టుకుంది. పాతరోజుల్లో అయితే పీట మీద కూర్చుని, అరగంట ప్రశ్నలు తిని, తిట్లు తిని ఉండేవాడు. ఇప్పుడా ఖర్మేమిటి? లైవు చెప్పినట్టు పొద్దున గ్లాసు, సాయంత్రం గ్లాసు పసరు తాగాడు. ఈల ఆగిపోయింది. చొక్కా వదులైంది. ఒకరోజు గోడ అవతలనుంచి ఆ దగ్గు విని మా అత్త చేతిలో పని వదిలి లేచింది. తిన్నగా వాళ్ళింట్లోకి వెళ్ళి, చేతిలో గ్లాసు లాగి పారబోసి, రెక్క పుచ్చుకుని క్లినిక్కుకు లాక్కెళ్ళింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చెప్పలేమన్నారు. నెలల తరబడి మందులు వాడాలి. బతికి బయటపడ్డాడు, అదే పదివేలు.

ఇందులో కూడా మేలే చూడండి. అతను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అతని వాటా ఆకు పక్కవాళ్ళకు మిగిలింది.

ఇంతలో వానలు వెనకబట్టాయి. మా ఇంట్లో దిండ్ల ఎత్తు పెరిగింది. మా ఆవిడ “ఏమండీ” అనబోయి ‘ఏ’ దగ్గరే ఆగిపోయింది. నేను సంచీ పట్టుకుని బయటపడ్డాను. వీధిలో ఆకు లేదు, పక్క వీధిలో లేదు, ఊరి చివర కూడా లేదని అప్పుడే తిరిగొచ్చినవాళ్ళు చెప్పారు. ఇంకేం గతి? దుకాణంలో పొడి కొన్నాను. దాన్ని కలుపుతూ నేనే ముందు ఒక గుక్క రుచి చూశాను. నేను నోరారా తాగానన్నది ఇదే. మా ఆవిడ వాసన చూసి గ్లాసు నా వైపే తోసేసింది. మాట్లాడలేకపోయినా, ‘నువ్వే తాగు’ అన్న సంగతి చూపుతోనే చెప్పగలదు.

సిగ్గు విడిచి మా అత్త దగ్గరికి పరుగెత్తాను. వానలు వెనకబట్టడం చూసి ఆవిడ అప్పటికే పసరు పిండుతోంది. గిన్నె నిండా పచ్చటి ఆకు!

“అత్తా! ఊళ్ళో గడ్డి చామంతి ఒక్కటి లేదు, నీకెక్కడిదే?”

“గడ్డి చామంతి ఎవరిక్కావాలిరా?”

నేను గిన్నెలోకి చూశాను. ఆకు గరుగ్గా లేదు. అంచులు రంపప్పళ్ళలా లేవు.

“గోడ మీద ఫోను ఎత్తిపెట్టి, దాని పక్కనే బట్టతల పెట్టి కూర్చుంటే కనబడదనుకున్నాడా మీ తోడల్లుడు?” అంది అత్త. “ఎండలో రెండూ మెరిశాయి. చేతికందిన గడ్డి చామంతి కోసి చూపించాను. విషమేమీ కాదుగా, మేకలు తినే ఆకేగా!”

“మరి గడ్డి చామంతి దేనికీ పనికిరాదా?”

“ఎందుకు పనికిరాదు? చెయ్యి తెగితే నలిపి ఆ రసం పిండేవాళ్ళం, నెత్తురు కట్టేది. మీ తాతయ్య దాన్ని దారిలో ఉన్న వైద్యుడు అనేవాడు. ఇప్పుడు ఎవడికైనా చెయ్యి తెగితే కట్టడానికి ఒక్క ఆకు ఉంచారా వెధవలు? పనికొచ్చేదాన్ని పనికిరాని రోగానికి మింగేశారు.”

నాకు ఎలక్ట్రీషియను గుర్తొచ్చాడు. అడగకూడదనుకుంటూనే అడిగేశాను. “అత్తా, నువ్వు వేరే ఆకు చూపించబట్టే కదా అతనికి అంత ముదిరింది?”

ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. పసరంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఆ సంగతి నేనూ నిద్ర మానుకుని ఆలోచించానురా” అంది. “అసలు ఆకే చూపించాననుకో. అదే తాగేవాడు. అదే ముదిరేది. అది నా ఆకుకు లొంగే దగ్గు కాదు. అడిగితే తెలిసేది. ఆకు పేరు తెలిశాక ఎవడు కూర్చుంటాడు, ఎవడు చెబుతాడు? చెబితే పనిచేయదంటే ఏమనుకున్నావు మరి, మంత్రమనుకున్నావా?”

ఇన్నేళ్ళూ నేను మంత్రమనే అనుకున్నాను. పత్రికల్లో రాసుకు బతికేవాణ్ణి, మా తాతయ్య మనవణ్ణి, నాకే తెలియలేదు. ఆ పూట మా ఆవిడకు తేనెతో పసరు పట్టించాం. నాలుగో రోజుకి ‘ఏమండీ’ పూర్తయింది. ఆ తర్వాత వచ్చిన వాక్యం నా తడి తువ్వాలు గురించి. చెవికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కథ ఇక్కడ ముగిస్తే సుఖాంతమే. కానీ మా వీధికి ఒక సంక్షేమ సంఘం కూడా ఉంది.

సంఘం ఒక మహత్తర తీర్మానం తలపెట్టింది. అచ్చాఫీసు వెనక జాగాలోని పనికిమాలిన కలుపునంతా తవ్వి పారేసి, మడులు చేసి, గడ్డి చామంతి తోట వేయాలని. కలుపు మొక్కను నాటడానికి కలుపు తీయడం! ఇంతటి ఆలోచన మా సెక్రెటరీగారికి తప్ప మరొకరికి వస్తుందా?

ఆ పనికిమాలిన కలుపులోనే మా అత్త ఆకు ఉంది. మరెక్కడా లేదా అంటే, ఆవిడ నడిచి వెళ్ళగలిగినంత మేరలో లేదు. ఇన్నాళ్ళూ జనం దాన్ని తొక్కుకుంటూ వెళ్ళే గడ్డి చామంతి ఏరుకున్నారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాం గానీ, కాలికింద పెట్టుకుని వెతకడం మా వీధిలోనే చూశాను. తొక్కితే మళ్ళీ లేస్తుంది. గునపంతో తవ్వితే లేవదు.

మీటింగు రోజున నేనూ అత్తా వెళ్ళాం. నిజం చెబితే సాయంత్రానికి ఆకు ఉండదు. చెప్పకపోతే మర్నాటి పొద్దుటికి ఉండదు. వచ్చే ఏడు వానలు వెనకబట్టినప్పుడు మా ఆవిడ గోడకు ఆనుకుని కూర్చోవడం నా కళ్ళముందు కనబడుతోంది. “ఏం చేద్దామత్తా?” అంటే, “నోరు మూసుకుని కూర్చో, నీకు బాగా చేతనైన పని” అంది. ఏం చూసి అన్నదో తెలియదు.

లైవు ఫోను స్టాండుకు బిగించి సిద్ధంగా ఉన్నాడు. సెక్రెటరీగారు తీర్మానం చదవబోతుంటే అత్త లేచి నిలబడింది.

“అందరూ మంచిపనే తలపెట్టారు నాయనా. కానీ ఒక్కమాట. తోడు మొక్క లేకుండా ఈ ఆకులో పస ఉండదు.”

కుర్చీలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

“తోడు మొక్కంటే?” అన్నారు సెక్రెటరీగారు.

“అక్కడున్న కలుపే. దాని నీడ పడితేనే దీనికి గుణం. ఒంటరిగా పెంచారో, వట్టి మేకల మేత. మా నాన్నగారు ఆ జాగాలో ఒక్క గడ్డిపరకను కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇక మీ ఇష్టం.”

పెళ్ళికూతురి పక్కన తోడుపెళ్ళికూతురు కూర్చోవడం లేదూ? ఈ తర్కం ముందు ఏ సంఘం నిలబడుతుంది? హెడ్మాస్టరుగారు ఇది శాస్త్రీయమేనన్నారు. లైవు కళ్ళు తుడుచుకుని, “మిత్రులారా, రెండో రహస్యం!” అన్నాడు. మర్నాటికల్లా జాగా చుట్టూ కంచె లేచింది. కంచెకు బోర్డు వేలాడింది. ‘ఇచ్చట కలుపు తీయరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.’ అలాంటి బోర్డు మరెక్కడైనా ఉంటే నాకు తెలియజేయగలరు.

కంచె తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, పెద్దావిడ గనక మా అత్త దగ్గరే ఉంచారు. ఇప్పుడు చెప్పండి, గడ్డి చామంతికి పేరు రావడం వరమా, శాపమా? ఆ వెర్రి లేకపోతే ఆ కంచె వచ్చేదా?

ఇంత రహస్యాన్ని ఇలా అచ్చులో పెట్టేశావేమిటయ్యా అని మీరు అడగవచ్చు. అత్త కూడా అడిగింది. రహస్యం దాచడానికి వ్యంగ్య శీర్షికను మించిన చోటు లేదని చెప్పాను. ఇందులో రాసింది చదివి నవ్వుతారు గానీ నమ్మరు. మా ఎడిటరుగారు ప్రూఫులు చూస్తూ పడీపడీ నవ్వి, ఆకుపచ్చ గ్లాసు పూర్తిగా తాగేశారు.

చివరగా ఒక్క విషయం. మొన్న అత్త గుమ్మం ముందునుంచి వెళ్తుంటే పీట మీద పిల్లి లేదు. లైవు కూర్చుని ఉన్నాడు. గోడ చాటున పట్టిన దగ్గు, ఇన్నాళ్ళు ఇన్ని గ్లాసులు తాగినా వదల్లేదట. వీడియోల్లో దగ్గు వచ్చినచోటల్లా కత్తిరించుకుంటూ వచ్చాడట పాపం. ఫోను చొక్కా జేబులో ఉంది. నేను చూడగా ఆ ఫోను జేబులో ఉండడం అదే మొదటిసారి.

అత్త అడుగుతోంది. ఆయన చెబుతున్నాడు. నిద్ర లేదని చెప్పాడు. లిఫ్టులు అమ్ముడుపోవడం లేదని చెప్పాడు. ఇంట్లో చెప్పలేదని చెప్పాడు. రోజూ వేలమందితో మాట్లాడేవాడు, తనను ఎవరూ ఏమీ అడగరని చెబుతూ ముక్కు చీదుకున్నాడు. అత్త వీపు మీద చేయి వేసి చాలాసేపు దగ్గు విన్నది. లోపలికి వెళ్ళి పసరు తెచ్చి మిరియాల పొడి కలిపి చేతిలో పోసింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, బెరుగ్గా అడిగాడు.

“ఇది... ఏ ఆకండీ అత్తయ్యగారూ?”

“ఏ ఆకేమిటి నాయనా? నువ్వు కనిపెట్టిందే” అంది అత్త.